దక్కనీ నల్ల ఉన్నిలో మెరినో కలిపి వడికి, కార్డిగన్ అల్లుకోవడం ఎలా

దక్కనీ గొర్రె నల్ల ఉన్ని గొంగడికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, కానీ అదొక్కటే వడికి స్వెట్టర్ అల్లితే వేసుకున్న కాసేపటికే మెడ దగ్గర గీరుకోవడం మొదలవుతుంది. అలాగని ఆ ఉన్నిని వదిలేయడం నాకు ఇష్టం లేదు. మెత్తటి మెరినో గొర్రె ఉన్ని, కొంచెం పట్టు కలిపితే ఆ నలుపు, ఆ గట్టిదనం రెండూ కార్డిగన్‌లోకి వస్తాయి, ఏ రంగూ వేయకుండానే మంచి బూడిదరంగు నూలు తయారవుతుంది. కదురు మీదో రాట్నం మీదో కాస్త వడకడం, సాదా స్వెట్టర్ అల్లడం వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నేను గట్టిగా చెప్పేది ఒకటే: కార్డిగన్‌కి కావలసిన ఉన్ని మొత్తం కలిపి, ఏకి, ఏకులన్నీ (వడకడానికి వీలుగా చుట్టిన ఉన్ని చుట్టలు) చేసి పెట్టుకున్నాకే మొదటి పోగు వడకండి. ఈ రోజు కొంచెం కలిపి వడికి, వచ్చే వారం ఇంకొంచెం కలుపుదాం అనుకుంటే కుడి చెయ్యి ఒక రంగు, ఎడమ చెయ్యి ఒక రంగు అవుతుంది.

ముందు ఈ గీరుకోవడం సంగతి. ఉన్ని పోగు మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, కొలుస్తారు. మెరినో మామూలుగా 24 మైక్రాన్ల లోపే ఉంటుంది, దక్కనీలో 30 దాటిన పోగులు బోలెడు. 30 మైక్రాన్లు దాటిన పోగులు నూటికి ఐదు మించి ఉంటే చాలామంది చర్మానికి గుచ్చుకుంటుంది. అంటే మెరినో ఎంత కలిపినా ఆ ముతక పోగులు ఎక్కడికీ పోవు, వాటి సంఖ్య తగ్గుతుందంతే. 'మెరినో కలిపితే గుచ్చుకోదు' అని ఎవరైనా చెబితే నమ్మకండి. అందుకే ఈ కార్డిగన్‌ని చొక్కా మీదో కుర్తా మీదో వేసుకునేలా ప్లాన్ చేసుకోవాలి, ఒంటికి నేరుగా తగిలే మెడపట్టీ, మణికట్టు పట్టీలు, గుండీల పట్టీ మాత్రం దక్కనీ అసలు కలపని నూలుతో అల్లాలి. బూడిదరంగు ఒంటికి లేత మీగడ రంగు పట్టీలు చూడ్డానికి కూడా బాగుంటాయి.

ఎంత కావాలో చూద్దాం. ఛాతీ 96 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకి, డీకే మందం (సన్నమూ లావూ కాని మధ్యరకం) నూలుతో, పొడుగు చేతుల కార్డిగన్‌కి సుమారు 1200 మీటర్లు పడుతుంది, బరువులో 550 గ్రాముల దాకా. ఏకేటప్పుడు, వడికేటప్పుడు కొంత పోతుంది కాబట్టి ఒంటికి 600 గ్రాములు, పట్టీలకి 80 గ్రాములు సిద్ధం చేసుకోండి. ఆ 600లో దక్కనీ 180, మెరినో 360, టస్సర్ పట్టు 60. పట్టీల 80లో మెరినో 70, పట్టు 10. ఇంకాస్త ముదురు రంగు కావాలని దక్కనీని సగం దాకా పెంచాలనిపిస్తుంది, కానీ అక్కడికి వెళ్తే అది చలికోటు అవుతుంది, ఇంట్లో వేసుకునే కార్డిగన్ అవ్వదు.

దక్కనీ ఉన్ని కోసం నేరుగా గొర్రెల కాపరుల్నే అడగడం మంచిది. ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఇప్పుడు చాలా మందల్లో నెల్లూరు జాతి గొర్రెలే ఎక్కువ, వాటికి ఉన్ని రాదు, ఉండేవి పొట్టి వెంట్రుకలే. దక్కనీతో వాటిని కలిపిన మందల్లో ఉన్ని కూడా పలచబడి, వెంట్రుక ఎక్కువగా ఉంటుంది. కాబట్టి కొనే ముందు గుప్పెడు చేతిలోకి తీసుకుని చూడండి. పిల్లకి మొదటిసారి కత్తిరించిన ఉన్ని దొరికితే వదలొద్దు, పెద్ద గొర్రె ఉన్ని కంటే అది చాలా మెత్తగా ఉంటుంది. చిన్న కుచ్చు తీసి రెండు కొసలు పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని ఠక్కున లాగండి, పటపటమని తెగితే ఆ ఉన్ని వద్దు. 180 గ్రాముల శుభ్రమైన ఉన్ని మిగలాలంటే 400 గ్రాములైనా తెచ్చుకోండి, దుమ్ము, పల్లేరుకాయలు, పుల్లలు, పనికిరాని వెంట్రుకలు పోతే మిగిలేది అంతే. మెరినో మాత్రం టాప్స్, అంటే కడిగి పోగులన్నీ ఒకే వైపుకి దువ్విన పొడుగు కట్టలు, కొనుక్కోవడమే సుఖం. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి నుంచి కడగని ఉన్ని పట్టుకెళ్లే ముందు ఆ దేశం నిబంధనలు చూసుకోండి, లేదా అక్కడే దొరికే నల్ల షెట్లాండ్ గొర్రె ఉన్ని లాంటిదానితో ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు, అప్పుడు గుచ్చుకునే బాధ కూడా తగ్గుతుంది.

కడగడం. ముందు రోజు రాత్రి చన్నీళ్లలో నానేసి వదిలేయండి, మట్టి చాలావరకు అడుక్కి దిగిపోతుంది. మర్నాడు కుంకుడుకాయలు ఉడికించి పిసికి వడకట్టిన రసం వేడినీళ్లలో కలపండి, నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి ఉండాలి. వలసంచిలో ఉన్ని పెట్టి అందులో ముంచి, అరగంట కదపకుండా ఉంచి తీసేయండి. రుద్దొద్దు, పిండొద్దు, పైనుంచి కుళాయి తిప్పొద్దు. ఉన్ని పోగు మీద పొలుసులుంటాయి, వేడినీళ్లలో రాపిడి తగిలితే అవి ఒకదానికొకటి పట్టేసుకుని ఉన్నంతా కంబళి ముద్ద అయిపోతుంది, ఆ తర్వాత దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. జాడించే నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే మార్చి, నీడలో ఆరబెట్టండి. బట్టల సోడా, బ్లీచింగ్ దగ్గరికి కూడా రానీయకండి, ఉన్ని పట్టు రెండూ వాటికి పాడవుతాయి.

ఆరాక కూర్చుని ఏరాలి. విసుగు పని, కానీ ఇక్కడ పెట్టిన ఓపిక కార్డిగన్ ఉన్నన్నాళ్లూ తెలుస్తుంది. ఎండకి మాడి గోధుమరంగుకి తిరిగిన కొసలు పెళుసుగా ఉంటాయి, కత్తెరతో తీసేయండి. బిరుసుగా, మెరుపు లేకుండా, వంచితే విరిగేలా ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి, అవి నూలులో నిలవవు, ఒక్కొక్కటే బయటికి పొడుచుకొస్తాయి. దొరికినన్ని లాగి పారేయండి.

ఇక అసలు పని, కలపడం. మూడు పోగుల పొడవు ఒకటి కాదు. దక్కనీని సాధారణంగా ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు కాబట్టి పొట్టిగా ఉంటుంది, మెరినో టాప్స్ ఇంకాస్త పొడుగు, పట్టు అన్నిటికంటే పొడుగు. పట్టుని అలాగే వేస్తే కార్డర్ (ఉన్ని ఏకే పళ్ల బ్రష్) పళ్లకి చుట్టుకుని ఉండలు కడుతుంది, వడికేటప్పుడు పొడుగు పోగులు ముందు జారిపోయి పొట్టివి వెనక గుంపుగా మిగిలిపోతాయి. కాబట్టి పట్టు టాప్స్‌ని కత్తెరతో ఏడెనిమిది సెంటీమీటర్ల ముక్కలు చేసి వేళ్లతో విప్పి ఉంచుకోండి. పట్టుని కత్తిరించడానికి చెయ్యి రాదు, తెలుసు, అయినా కత్తిరించండి.

తర్వాత వంటింటి డిజిటల్ త్రాసు తీసుకుని 20 పొట్లాలు కట్టండి. ఒక్కో పొట్లంలో దక్కనీ 9 గ్రాములు, మెరినో 18, పట్టు 3, మొత్తం 30. ఈ తూకం దగ్గర 'చూపుకి సరిపోయిందిలే' అనుకోవద్దు, నలుపు చాలా బలమైన రంగు, రెండు గ్రాములు అటూ ఇటూ అయినా తేడా కంటికి కనపడుతుంది. ఒక పొట్లం విప్పి, మెరినోని పలచగా పరిచి, దాని మీద పట్టు, దాని మీద దక్కనీ, మళ్లీ మెరినో, ఇలా పొరలు పొరలుగా పేర్చి, పైనుంచి కిందికి నిలువుగా గుప్పెళ్లు తీసుకుని కార్డర్ మీద వేయండి. ఒక్కోసారి ఐదు గ్రాములు చాలు, ఎక్కువ వేస్తే పళ్ల మధ్యలోకి దిగిపోయి అడుగున ఉన్నది అలాగే ఉండిపోతుంది.

కార్డర్లు ఉన్నికి పనికొచ్చేవి కొనండి, దూదికి వాడేవాటిలో పళ్లు మరీ దగ్గరగా ఉంటాయి. అవి దొరకకపోతే కుక్కల జుట్టు దువ్వే వైర్ బ్రష్‌లు రెండు తెచ్చుకుని మొదలుపెట్టొచ్చు, మెల్లగా సాగుతుంది కానీ సాగుతుంది. ఒక బ్రష్‌ని తొడ మీద కదలకుండా పెట్టి, రెండోదాన్ని తేలిగ్గా, కొసల నుంచి మొదలుపెట్టి లోపలికి దువ్వండి. పళ్లు పళ్లకి గట్టిగా తగిలి కరకర శబ్దం వస్తుంటే ఎక్కువ నొక్కుతున్నట్టే, అలా నొక్కితే మెరినో తెగి చిన్న చిన్న ఉండలవుతుంది. ఒక బ్రష్ నుంచి రెండోదానికి మూడుసార్లు మారిస్తే రంగు కలుస్తుంది. పూర్తిగా ఒకే రంగు వచ్చేదాకా దువ్వాల్సిన పని లేదు, దగ్గరగా చూస్తే నలుపు గీతలు, తేనెరంగు మెరుపు విడివిడిగా కనిపించేటప్పుడే ఆపేస్తే నూలుకి అందం. చలికాలం పొడిగాలికి పోగులు లేచి ఎగురుతుంటే కొంచెం నీళ్లు చిలకరించుకోండి.

చివరికి చుట్టి ఏకులు చేయండి. పొట్లానికి ఆరు ఏకుల చొప్పున 120 వస్తాయి. వాటిని పొట్లాల వారీగా ఉంచొద్దు, అన్నీ ఒకే పెద్ద బుట్టలో వేసి కలిపేయండి. ఏ ఏకు ఏ పొట్లంలోదో తెలియకుండా తీసి వడికితే, పొట్లాల మధ్య మిగిలిన చిన్న తేడాలు కూడా కార్డిగన్ అంతటా సమానంగా పడతాయి.

వడకడానికి పెట్టె చరఖా వద్దు, అది పత్తి కోసం చేసింది, చాలా వేగంగా పురి ఎక్కిస్తుంది. 30, 40 గ్రాముల బరువున్న కదురు అయినా సరే, కాలితో తొక్కే రాట్నం అయినా సరే. రాట్నం ఉంటే మూడు పేటల నూలు, అంటే మూడు పోగులు కలిపి మెలిపెట్టిన నూలు, చేయండి, గుండ్రంగా ఉంటుంది, ముతక వెంట్రుకలు పేటల మధ్యలో ఇరుక్కుని తక్కువగా బయటికొస్తాయి, మోచేతుల దగ్గర త్వరగా అరిగిపోదు. కానీ 1200 మీటర్లకి మూడు పేటలంటే 3600 మీటర్ల పోగు వడకాలి, కదురు మీద అది నెలల పని, అంత తీరిక లేనివాళ్లు రెండు పేటలతో సరిపెట్టుకోవచ్చు, పోగు కొంచెం లావుగా వడకాలి అంతే.

ఏకు నుంచి పోగు లాగేటప్పుడు చేతులు రెండూ దగ్గరగా పెట్టకండి. వెనక చేతిలో ఏకుని పక్షిపిల్లని పట్టుకున్నంత వదులుగా పట్టుకుని, కొంచెం పురి లోపలికి ఎక్కనిచ్చి, చేతిని మెల్లగా వెనక్కి లాగండి, లావుగా ఉన్నచోట సాగుతుంది, సన్నగా ఉన్నచోట పురి బిగిసి ఆగుతుంది. ఇలా వడికిన నూలులో గాలి నిలుస్తుంది, అందుకే తేలిగ్గా వెచ్చగా ఉంటుంది. అప్పుడే వడికిన పోగుని ఒక జానెడు వెనక్కి మడిచి వదిలితే తనంతట తనే రెండు పేటలుగా చుట్టుకుంటుంది, పురి సరిపోయిందో లేదో అందులో తెలిసిపోతుంది. నచ్చిన ముక్కని ఒక అట్టముక్కకి చుట్టి రాట్నానికి కట్టుకోండి, కూర్చున్న ప్రతిసారీ కొత్త పోగుని దాని పక్కన పెట్టి చూడండి. రోజు మారితే చెయ్యి మారుతుంది, కోపంగా ఉన్న రోజు పురి ఎక్కువ పడుతుంది.

పట్టీల కోసం ఉంచిన మెరినో, పట్టు మిశ్రమాన్ని కూడా ఇలాగే ఏకి, పురి కొంచెం ఎక్కువ పెట్టి, మూడు పేటలుగానే చేయండి. మెత్తటి ఉన్ని రాపిడికి తొందరగా ఉండలు కడుతుంది, మణికట్టు దగ్గర మరీను.

పేటలు కలిపేటప్పుడు వడికిన దిక్కుకి ఎదురు దిక్కులో తిప్పాలి. పోగుల్ని బాబిన్ మీద ఒక రాత్రి ఉంచి, ఆ తర్వాత పేటలు కలిపితే తక్కువగా మెలికలు పడతాయి. చిలపలుగా (వదులు నూలు చుట్టలుగా) చుట్టి నాలుగు చోట్ల వదులుగా కట్టండి. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తువ్వాలులో చుట్టి నొక్కి, రెండు చేతుల మధ్య పెట్టి టపటపా సాగదీసి, బరువు కట్టకుండా ఆరేయండి. ఆరాక 10 మీటర్లు కొలిచి తూకం వేస్తే నాలుగున్నర గ్రాముల దగ్గర ఉండాలి. ఆరు గ్రాములొస్తే నూలు లావు, 600 గ్రాములకి 1000 మీటర్లే వస్తుంది, అల్లడం మొదలుపెట్టే ముందే ఇది తెలియాలి.

నమూనా ముక్క అల్లకుండా కార్డిగన్ మొదలుపెట్టకండి. నాలుగు మిల్లీమీటర్ల సూదితో 15 సెంటీమీటర్ల చదరం అల్లి, కార్డిగన్‌ని ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి ఆరేసి, అప్పుడు కొలవండి. ఇలా ఏకిన ఉన్ని నీళ్లు తగిలాక పొంగుతుంది, ఉతకని ముక్క కొలత అబద్ధం చెబుతుంది. 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వచ్చాయనుకుందాం. ఛాతీ 96కి లోపల చొక్కా కోసం 8 కలిపితే 104, అందులో గుండీల పట్టీ వెడల్పు 3 తీసేస్తే 101, దాన్ని 2.2తో గుణిస్తే 222 కుట్లు. మీ లెక్క మీ ముక్కని బట్టి వేసుకోండి.

ఇంట్లో వడికిన నూలుకి మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే రాగ్లాన్ పద్ధతే (మెడ నుంచి చంకదాకా ఏటవాలు గీతతో చేతులు ఒంటికి కలిసే పద్ధతి) మంచిదని నా అభిప్రాయం. చేతులు ముందే పూర్తిచేసి, మిగిలిన నూలు ఎంతుంటే ఒళ్లు అంత పొడుగు అల్లుకోవచ్చు, చివర్లో నూలు చాలదేమోనన్న టెన్షన్ ఉండదు. ఎప్పుడూ రెండు చిలపల నుంచి మార్చి మార్చి, రెండేసి వరసలు అల్లండి. ఎంత బాగా కలిపినా చిలపకీ చిలపకీ కొంచెం తేడా ఉంటుంది, ఇలా చేస్తే అది గీతలా కనపడదు. గుండీల పట్టీకి అంచు వెంట ప్రతి నాలుగు వరసలకి మూడు కుట్లు ఎత్తుకోండి, నాలుగుకి నాలుగు ఎత్తితే అంచు అలల్లా లేస్తుంది, రెండే ఎత్తితే ముందు భాగం పైకి లాక్కుపోతుంది. పట్టీని చిన్న సూదితో, 3.5 మిల్లీమీటర్లతో, ఒక నిట్ ఒక పర్ల్ రిబ్‌లో అల్లండి. గుండీలు తేలికవి ఎంచుకోండి, కొబ్బరి చిప్పవి ఈ రంగుకి బాగా నప్పుతాయి, లోహపు గుండీల బరువుకి పట్టీ వేలాడుతుంది.

అల్లడం పూర్తయ్యాక కుంకుడు రసంలో నానేసి, తువ్వాలులో నొక్కి, మంచం మీద పరిచి కొలతకి సర్ది ఆరబెట్టండి, తీగ మీద వేస్తే తడి బరువుకి సాగిపోతుంది. మిగిలిన నూలులో 30, 40 మీటర్లు చిన్న చిలపగా కట్టి, కార్డిగన్ ఉతికిన ప్రతిసారీ దాన్నీ ఉతకండి, ఎప్పుడైనా మోచేయి అరిగి రఫూ చేయాల్సి వస్తే రంగు సరిగ్గా కలుస్తుంది.