బండ బెంచీ జారుతోందా? ముందు తడిపి చూడండి

కడప వైపు ఇళ్ల ముందు నల్లబండ బెంచీ మామూలే. పిల్లోళ్లు ఎక్కి దూకుతారు, పెద్దోళ్లు చెయ్యి ఆనించి లేస్తారు. ఎండాకాలమంతా ఏ గొడవా ఉండదు. సెప్టెంబరు వానలు పడ్డాయా, కాలు నిలవదు. బండ గుణమే అంతని యాసిడ్ సీసా తీయకండి. జారడానికి కారణాలు వేరువేరు, ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

పరీక్ష: పాత రబ్బరు చెప్పు మీద ఇటుక కట్టి, రెంటినీ కలిపి తూకం వేయండి. బెంచీ మీద పెట్టి, స్ప్రింగు కాటా తగిలించి అడ్డంగా, మెల్లగా లాగండి. కదిలిన క్షణాన కాటా చూపించిన అంకెను తూకంతో భాగించండి. 2 కిలోల బరువు 1 కిలో దగ్గర కదిలితే 0.5. పొడిగా మూడుసార్లు, నీళ్లు చల్లి మూడుసార్లు లాగండి. తడిపినాక అంకె బాగా పడిపోయిన చోటే జబ్బు. ఇది చోటుకూ చోటుకూ పోల్చుకోవడానికే. తడి మీద ఇట్లా లాగితే ఉన్న పట్టుకన్నా ఎక్కువ చూపించొచ్చు. ల్యాబుల్లో లోలకంలా ఊగే చేయికి రబ్బరు బిగించి కొలుస్తారు. ఆ అంకెల లెక్క వేరు: 36, ఆపైన వస్తే జారే భయం తక్కువ. 24, ఆలోపైతే ఎక్కువ.

చెట్టు నీడ పక్క, కుళాయి కింద మాత్రమే జారుతోంది: పాచి. నల్లబండ మీద పచ్చదనం సరిగా కనబడదు, గోటితో గీకి చూడండి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లి, పదిహేను నిమిషాలాగి బ్రష్‌తో రుద్ది కడగండి. కారే కుళాయి బాగుచేయించకపోతే మళ్లీ పడుతుంది.

బెంచీ అంతా జారుతోంది, నీళ్లు ముత్యాల్లా నిలుస్తున్నాయి: నూనె. బండ ఎండకు తెల్లబారిందని పూస్తారే, అదే. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి రెండు మూడుసార్లు రుద్దండి.

నీళ్లు పరుచుకుంటున్నాయి, అయినా జారుతోంది: పాలిష్. ఎంత కడిగినా పోదు. కాలు పెట్టే అంచున మాత్రం ఉలితో సన్న గాట్లు పెట్టించండి. కూర్చునేచోట పెట్టిస్తే పంచెలూ చీరలూ చిరుగుతాయి, ఆ తిట్లు మీకే.

యాసిడ్ ఎందుకొద్దంటే, కడప బండ సున్నపురాయి జాతి. యాసిడ్ తగిలితే నురగ కక్కి పైపొర తినుకుపోతుంది, బూడిదరంగు మచ్చలు మిగులుతాయి. యాసిడ్ బ్లీచింగ్‌తో కలిసిందా, విషవాయువు లేస్తుంది.

పని అయ్యాక అదే చెప్పు, అదే ఇటుకతో మళ్లీ లాగి చూడండి, తడిపి.