పోడు క్లెయిము మనమే రాసుకుందాం – 3వ పాఠం: పెద్దల మాట కాగితం మీదకు

పోయిన పాఠంలో అడవిలో సాగుచేసుకుంటున్న పోడు భూమిపై హక్కు గుర్తించమని పెట్టే క్లెయిము పత్రం, అంటే ఫారం-ఎ నింపాం, చేను చుట్టూ నడిచి హద్దుల పటం గీశాం. ఇవాళ దానికి జతచేసే పెద్దల వాంగ్మూలం. క్లెయిము నిలిచినా పోయినా ఎక్కువగా ఇక్కడే అని నా నమ్మకం.

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస కొండల్లో సవర గిరిజనుల చేలకు పాత పట్టాలు ఎక్కడివి? రిజర్వు ఫారెస్టు అని గీత గీసినప్పుడు తాతలనాటి చేను కాస్తా ఆక్రమణ అయిపోయింది. ఏనాడూ కాగితం ఇవ్వని ప్రభుత్వం ఇప్పుడు కాగితం చూపమంటే ఎక్కణ్నుంచి తెస్తారు? 2006 అటవీ హక్కుల చట్టం ఈ చారిత్రక అన్యాయాన్ని తన పీఠికలోనే ఒప్పుకుంది. క్లెయిము పెట్టినవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అదీ రుజువేనని ఆ చట్టం కింద చేసిన నియమాల్లో 13వది చెబుతోంది. ఫలానా కాగితమే కావాలని క్లెయిములు పరిశీలించే కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణలో చేర్చారు. ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేకపోయినా ఈ చట్టం వర్తిస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో క్లెయిములు రాయడానికి నేనూ కూర్చున్నాను. అన్నిటికీ ఒకే వాక్యం జిరాక్సు తీసి పెట్టాం: "ఇతను చాలా ఏళ్లుగా సాగు చేస్తున్నాడని నాకు తెలుసు." అన్నీ తిరిగొచ్చాయి. ఆ కుటుంబాల ముఖాలు ఇప్పటికీ మర్చిపోలేను. 'చాలా ఏళ్లు' అంటే ఏ ఏడాదీ కాదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచే భూమి వాళ్ల చేతిలో ఉందని తేలాలి.

"ఎప్పుడు కొట్టారు తాతా ఈ పోడు?" అని అడిగితే "శానా కాలం" అంటారు. అందుకే ప్రశ్న మార్చాలి. "రాజశేఖరరెడ్డి ఇచ్ఛాపురం దాకా నడిచొచ్చాడు కదా, అప్పటికి ఆ చేలో ఏముంది?" అది 2003. "రామారావు మొదటిసారి ముఖ్యమంత్రి అయినప్పుడో?" అది 1983. "మీ పెద్దమ్మాయి పుట్టిన ఏడు కందికొత్తల పండక్కి కందులు ఏ చేనివి?" ఇలా అడిగితే ఏడాది దానంతట అదే బయటికొస్తుంది. తిత్లీ తుపాను 2018లో వచ్చింది, అంటే గడువు తేదీ తర్వాత. అయినా పనికొస్తుంది. ఆ గాలికి కూలిన ముదురు జీడిచెట్టు మోడు ఇంకా ఉంటే చుట్టుకొలత కొలిచి ఫొటో తీయండి. అంత లావు మాను నిన్నమొన్న నాటింది కాదని చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇక రాత. నమూనా చూడండి:

"నా వయసు సుమారు 70. మాది ఈ ఊరే. గెడ్డకు తూర్పున ఉన్న చేను ఇతని తండ్రి కొట్టగా చూశాను. అప్పుడు నా పెద్దకొడుకు చంటివాడు, ఇప్పుడు వాడికి 45 ఏళ్లు. మొదట చోడి, సామ వేసేవారు. రాళ్ల గట్టు కట్టిన ఏడు నేనూ సాయానికి వెళ్లాను. పాదయాత్ర నాటికి జీడి కాపులో ఉంది. మధ్యలో వదిలేసింది లేదు."

ఇందులో ప్రతి ముక్కా ఆయన కళ్లతో చూసింది. విన్నది ఏదైనా ఉంటే "మా అయ్య చెప్పగా విన్నాను" అని విడిగా రాయండి. లేని ఏడాదిని మీరు అల్లి పెట్టొద్దు. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజమంతా పోతుంది. విస్తీర్ణం కూడా నిజంగా సాగులో ఉన్నంతే రాయాలి. అదీ 4 హెక్టార్లు దాటకూడదు.

పెద్దాయన మాటను ఆఫీసు తెలుగులోకి మార్చొద్దు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన జిల్లావారే. సవర నేర్చుకుని దానికి వ్యాకరణం రాసింది కూడా ఆయనే. మనిషి మాట్లాడే మాటకే విలువ ఇవ్వాలని ఈ నేలే నేర్పింది. రాశాక సవరలో చదివి వినిపించండి. వాంగ్మూలం చెప్పిన పెద్దాయన సరేనన్నాకే వేలిముద్ర.

"మాకు భూమి ఇప్పించండి" అని ఎక్కడా రాయొద్దు. "మా హక్కును గుర్తించండి" అని రాయండి. చట్టం పేరులోనే గుర్తింపు అన్న మాట ఉంది.

ఫారెస్టువాళ్లు రాసిన పాత జరిమానా రసీదు ఉంటే భయపడి దాచొద్దు. అది ఒక్కటే చూపి క్లెయిము కొట్టేయడానికి లేదు. పైగా ఆ తేదీకి మీరు ఆ చేలో ఉన్నారని వాళ్లే రాసిచ్చినట్టు.

ఈ వారం పని: ఇద్దరు పెద్దల దగ్గర కూర్చుని చెరొక వాంగ్మూలం రాయండి. ఒకరు ఆడమనిషి అయితే మంచిది, విత్తనం ఏ ఏడు ఏది చల్లారో వాళ్లకే బాగా గుర్తుంటుంది. వచ్చే పాఠం గ్రామసభ తీర్మానం. సభకు సగం మందైనా రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఇంటింటికీ ఇప్పట్నుంచే చెప్పి ఉంచండి.