పవర్ సప్లై మార్చే ముందు: పాత కేబుళ్ల విషయంలో జాగ్రత్తలు

పోయిన నెల ఒక కుర్రాడు తన గేమింగ్ కంప్యూటర్‌ను నా దగ్గరికి తెచ్చాడు. ఏడాది కిందట రెడీమేడ్‌గా కొన్న ఖరీదైన యంత్రం. కొత్త గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసే భాగం) కోసం పవర్ సప్లైని (గోడ కరెంటును లోపలి భాగాలకు పంచే పెట్టె) 1000 వాట్లదానికి మార్చాడు. తయారుచేసినవాళ్లు లోపలి కేబుళ్లను వెనక పలక చాటున జడ అల్లినట్టు కట్టిపెట్టారు. వాటిని విప్పడానికి అతనికి మనసొప్పలేదు. పాత పవర్ సప్లై ఒక్కటే బయటికి తీసి, అవే కేబుళ్ల కొసలను కొత్తదానికి గుచ్చాడు. అన్నీ చక్కగా పట్టాయి, టక్కుమని శబ్దం కూడా వచ్చింది. స్విచ్ వేశాడు. రెండు హార్డ్ డిస్కులు, ఒక సాటా ఎస్‌ఎస్‌డీ (సాటా ప్లగ్గు వాడే, కదిలే భాగాలు లేని డిస్కు) ఆ క్షణంలోనే పోయాయి. ఒక డిస్కు తిప్పి చూస్తే, కింది ఆకుపచ్చ పలక మీద చిప్పుపై ఆవగింజంత నల్లటి పొక్కు కనిపించింది. ఇంటిల్లిపాది పన్నెండేళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. మరో కాపీ లేదు.

ఇదే తప్పు చేసి నా దగ్గరికి వచ్చినవారిలో ఇతను నాలుగోవాడు. మిగతా ముగ్గురూ తమ కంప్యూటర్‌ను సొంతంగా అమర్చుకున్నవారే, పని తెలిసినవారే. అందుకే చెబుతున్నాను: ఒక పవర్ సప్లైతో వచ్చిన కేబుల్‌ను ఇంకో పవర్ సప్లైకి పెట్టకండి.

కారణం వినండి. మదర్‌బోర్డుకో (అన్ని భాగాలూ అమరే పెద్ద పలక) డిస్కుకో తగిలించే కొస దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే. పవర్ సప్లైకి తగిలించే కొసకు మాత్రం అలాంటి ఉమ్మడి ప్రమాణం లేదు. ఏ రంధ్రంలో 12 వోల్టులు, ఏ రంధ్రంలో 5 వోల్టులు రావాలో ఎవరికివారే నిర్ణయించుకుంటారు. ఒకే కంపెనీ రెండు సిరీస్‌ల మధ్య కూడా వరుస మారవచ్చు. ప్లగ్గు ఆకారం మాత్రం చాలాసార్లు ఒకేలా ఉంటుంది. అందుకే అది పడుతుంది, అందుకే మనం నమ్ముతాం. వరుస కలవకపోతే 5 వోల్టుల మీద నడిచే ఎస్‌ఎస్‌డీకి 12 వోల్టులు వెళ్లవచ్చు. పవర్ సప్లైలోని రక్షణ ఏర్పాట్లు షార్టునూ అతి కరెంటునూ పట్టుకుంటాయి. తాను పంపే 12 వోల్టులు తప్పు తీగలోకి వెళ్తున్నాయని దానికి తెలిసే దారి లేదు.

రెడీమేడ్ మేలా, సొంతంగా అమర్చుకోవడం మేలా అని నన్ను తరచూ అడుగుతారు. రెడీమేడ్‌లో మొదటిసారి స్విచ్ వేసే బాధ్యత తయారీదారుది, వారంటీ మొత్తానికీ ఒకటే. సొంతదానిలో విడిభాగానికో వారంటీ, పరీక్షించే బాధ్యత మీది. కానీ నేను చూసిన నష్టాలన్నీ కొన్న రోజున కాక, మొదటిసారి ఒక భాగం మార్చిన రోజున జరిగాయి. ఆ రోజు రెడీమేడ్ కొన్నవారికీ ప్రమాదం తక్కువేం కాదు. ఏ కేబుల్ ఏ పెట్టెతో వచ్చిందో వారు ఎన్నడూ కళ్లతో చూడలేదు.

రెడీమేడ్ కొనేవారు

డబ్బు కట్టక ముందే పవర్ సప్లై కంపెనీ, మోడల్ పేరు రాయించుకోండి. "850 వాట్లు" అని మాత్రమే చెబితే ఒప్పుకోకండి. మదర్‌బోర్డు, పవర్ సప్లై మామూలు ఏటీఎక్స్ ప్రమాణంలో (కొలతలకూ కనెక్టర్లకూ చాలా కంపెనీలు పాటించే పద్ధతి) ఉన్నాయో లేదో అడగండి. కొన్ని పెద్ద కంపెనీలు సొంత ఆకారం, సొంత కనెక్టర్లు వాడతాయి. వాటిలో బయట కొన్న పవర్ సప్లై నేరుగా పనిచేయదు. వాడకుండా మిగిలిన కేబుళ్ల సంచి కూడా అడిగి తీసుకోండి.

పెట్టె రాగానే పక్క పలక తీసి చూడండి. ప్రయాణంలో కదలకుండా లోపల పెట్టిన ఫోమ్ సంచిని తీయకుండా స్విచ్ వేయకూడదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డులు 2 కిలోలకు పైగా బరువుంటాయి, కుదుపులకు స్లాట్‌లోంచి జరుగుతాయి.

సొంతంగా అమర్చుకునేవారు

ఏఎండీ ఏఎం5, ఇంటెల్ బోర్డులు రెండిటిలోనూ సన్నటి పిన్నులు ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోనే ఉంటాయి. ఏఎం5లో అవి 1718. ప్రాసెసర్ చేయి జారి వాటి మీద పడితే బోర్డు పోయినట్టే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే ముందు బయాస్ (బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయండి. అధిక వోల్టేజీతో అవి దెబ్బతినకుండా 2024లో ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు అందులో వస్తాయి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను మాత్రం అవి బాగుచేయవు. డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండవచ్చు. కంగారుపడి కరెంటు తీసేయకండి.

ప్రాసెసర్‌కు ఇచ్చే 8 పిన్నుల ప్లగ్గు, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 8 పిన్నుల ప్లగ్గు ఒకటి కావు. వాటిలో 12 వోల్టుల వైపు, గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వైపు తారుమారుగా ఉంటాయి. వెళ్లనిదాన్ని బలవంతంగా తోయకండి.

గ్రాఫిక్స్ కార్డుల దగ్గర కరిగిపోయిన 16 పిన్నుల కనెక్టర్ల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. 2022 అక్టోబర్‌లో ఎన్విడియా కార్డు ఆర్‌టీఎక్స్ 4090తో మొదలైన ఆ ఫిర్యాదులు, 2025లో 575 వాట్ల 5090 వచ్చాక మళ్లీ వినిపించాయి. 600 వాట్ల దగ్గర ఆరు చిన్న పిన్నుల మీదుగా 50 ఆంపియర్లు పారాలి. ప్లగ్గు సరిగ్గా కూర్చోకపోతే అక్కడే వేడి పుడుతుంది. ఆ కనెక్టర్‌లో సవరించిన 12వీ-2×6 రకం సగం దిగితే కరెంటు రానివ్వకుండా చూస్తుంది, అయినా మీ కంటితో మీరు చూడాల్సిందే. టార్చి వేసి చూడండి. గోరు దూరేంత సందు కూడా ఉండకూడదు. ప్లగ్గు మొదట్లోనే తీగను వంచకండి, మూడు నాలుగు సెంటీమీటర్లు తిన్నగా రానివ్వండి.

ఇక భాగాలు మార్చే రోజుకు:

పవర్ సప్లై మారిస్తే కేబుళ్లన్నీ మార్చండి. అన్నీ. డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా కేబుల్ ఒక్కటి కూడా పాతది ఉండకూడదు.

"కంపెనీ ఒకటే కదా" అనుకోకండి.

"బాగానే పట్టింది కదా" అసలే అనుకోకండి. పట్టడం రుజువు కాదు.

వెనక అందంగా కట్టిన కట్టను విప్పండి. కట్లు కత్తిరించండి. మళ్లీ కట్టుకోవచ్చు.

రంగుల ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు వేరు. అవి బోర్డు వైపు కొసకు అతుకుతాయి కాబట్టి ఈ గొడవ లేదు. పవర్ సప్లైకి నేరుగా తగిలించే రంగుల కేబుళ్లు కొంటే మాత్రం మీ మోడల్ పేరు దాని జాబితాలో చూశాకే కొనండి.

కొత్త పవర్ సప్లైని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఫోటోలున్న డిస్కులను విడదీసి పక్కన పెట్టండి.

ఫోటోలకు ఇంకో కాపీ ముందురోజే తీయండి.

గోడ ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, తర్వాతే చేయి పెట్టండి.

పవర్ సప్లైని స్క్రూలు తీసి విప్పకండి. ఎంత తెలిసినవారైనా సరే.

కేబుళ్లు లేకుండా అమ్మే సెకండ్ హ్యాండ్ పవర్ సప్లై కొనకండి.

పాత కేబుళ్లను డబ్బాలో కలిపేయకండి. టేపు మీద మోడల్ పేరు రాసి, పాత పవర్ సప్లైకే చుట్టి కట్టండి. దాన్ని ఎవరికైనా ఇస్తే ఆ కేబుళ్లన్నిటితో సహా ఇవ్వండి, ఒక్కటి కూడా మీ దగ్గర మిగుల్చుకోకండి.