మేత పొదుపు చేసే పశువుల ఎంపిక – మూడో పాఠం: మిగులు మేత లెక్క

ముందుగా రెండో పాఠం చివర ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం: 57 నంబరు కోడె రోజుకు ఎంత పొడి పదార్థం, అంటే నీళ్లు పోగా మిగిలే మేత, తిన్నది? అది రోజుకు సగటున 12 కిలోల పాతర గడ్డి (సైలేజి), 4.9 కిలోల దాణా తిన్నది. పాతర గడ్డిలో పొడి పదార్థం 35 శాతం, దాణాలో 90 శాతం. గడ్డి నుంచి 4.2 కిలోలు, దాణా నుంచి 4.4 కిలోలు, మొత్తం 8.6 కిలోలు. 16.9 అని జవాబు రాసినవాళ్లు మేతతో పాటు అందులోని నీళ్లను కూడా కలిపి తూచారన్నమాట. రెండో పాఠాన్ని మరొకసారి చదివి రండి, ఎందుకంటే ఇక మీదట మేత అంటే పొడి పదార్థమే. ఈ 8.6 అంకె ఈ పాఠంలో మళ్లీ వస్తుంది.

ఇప్పటిదాకా మనం వాడిన కొలత మేత మార్పిడి నిష్పత్తి, అంటే కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్నది. కోళ్లఫారాల్లో అది చక్కగా పనిచేస్తుంది. ఆరు వారాల్లో అమ్ముడుపోయే కోడికి పెరుగుదలే సర్వస్వం. మాంసపు పశువుల మందలో లెక్క వేరు. ఆ మంద తినే మేతలో పెద్ద వాటా ఫీడ్‌లాట్‌లో, అంటే అమ్మకానికి ముందు దాణా పెట్టి మేపే దొడ్డిలో, బరువెక్కుతున్న కోడెలది కాదు, ఏడాదికి ఒక్క దూడనిస్తూ పచ్చికలో తిరిగే తల్లి ఆవులది. ఆ ఆవులు తినేదాంట్లోనూ ఎక్కువ భాగం కేవలం బతకడానికే పోతుంది. ఊపిరి తీయడం, గుండె కొట్టుకోవడం, ఒంటి వేడి నిలుపుకోవడం, అరిగిన కణాలను మళ్లీ కట్టుకోవడం అన్నీ ఆ ఖర్చు కిందికే వస్తాయి. దీన్ని పోషణ ఖర్చు అందాం.

నిష్పత్తి చేసే మోసం ఇక్కడే ఉంది. పెరుగుదల హారంలో ఉంది కాబట్టి వేగంగా పెరిగే ప్రతి కోడెకూ నిష్పత్తి మెరుగ్గా కనిపిస్తుంది. అలాంటి కోడెలనే ఏరుకుంటూ పోతే నాలుగు తరాల తరవాత మీ మందలోని ఆవులన్నీ భారీ కాయాలై ఉంటాయి. ఫీడ్‌లాట్‌లో మిగిలిందనుకున్న మేతను ఆ ఆవులు ఏడాది పొడవునా తినేస్తాయి. నిష్పత్తి ఒక్కటే చూసి ఆబోతును కొనడం మాంసపు పశువుల పెంపకంలో అత్యంత ఖరీదైన అలవాటని నా గట్టి అభిప్రాయం.

అమెరికాలో రాబర్ట్ కోచ్, ఆయన సహచరులు 1963లో దీనికి వేరే దారి చూపించారు. రెండు పశువులను ఒకదానితో ఒకటి పోల్చే ముందు, ప్రతి పశువునూ దాని అవసరంతోనే పోల్చమన్నారు. లారీని, ఆటోను పక్కపక్కన నిలబెట్టి మైలేజీ అడగడం న్యాయం కాదు, అంత బరువున్న బండికి ఎంత డీజిలు కావాలో అంతే తాగుతోందా అని అడగాలి. ఈ కోడె బరువుకు, ఈ కోడె పెరిగిన వేగానికి ఎంత మేత కావాలి? నిజంగా ఎంత తిన్నది? నిజంలోంచి అవసరాన్ని తీసేస్తే వచ్చేదే మిగులు మేత. దీన్నే పరిశోధకులు ఆర్‌ఎఫ్‌ఐ (రెసిడ్యువల్ ఫీడ్ ఇన్‌టేక్) అంటారు. మైనస్ గుర్తు వస్తే ఆ కోడె అవసరం కన్నా తక్కువ తిని అదే పని చేసిందని అర్థం. కాబట్టి ఇక్కడ మైనస్ మంచిది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట తడబడేది ఈ గుర్తు దగ్గరే.

లెక్కకు కావలసిన మూడు అంకెలు

మొదటిది రోజుకు తిన్న మేత. ఇది ఖరీదైన అంకె. మందకంతా ఒకే తొట్టిలో పోస్తే ఏ కోడె ఎంత తిన్నదో తెలియదు. అందుకే పరీక్ష కేంద్రాల్లో తొట్టి కింద కాటా ఉంటుంది, కోడె చెవికి ఎలక్ట్రానిక్ ట్యాగు ఉంటుంది. కోడె తల పెట్టగానే యంత్రం ట్యాగును చదువుతుంది, తల తీసేదాకా తొట్టి బరువు ఎంత తగ్గిందో ఆ నంబరు కింద రాసుకుంటుంది. అంతకు ముందు వాడిన పద్ధతి ఇంకా సులువు. ప్రతి తొట్టికీ ఒక తలుపు, ప్రతి కోడె మెడలోనూ ఒక తాళంచెవి లాంటి బిళ్ల. తన తలుపు తప్ప వేరొకటి తెరుచుకోదు. కొత్త తొట్టికి, కొత్త మేతకు అలవాటు పడటానికి 21 రోజులు వదిలేసి, ఆ తరవాతే లెక్క మొదలుపెట్టాలి.

రెండోది రోజువారీ పెరుగుదల. దీనికి 70 రోజుల పరీక్ష ప్రామాణికం. ఎంత తింటుందన్నది 35 రోజుల్లోనే స్థిరంగా తెలిసిపోతుంది, పెరుగుదలే అంత త్వరగా తేలదు. కడుపు నిండా నీళ్లు తాగిన కోడెకు, తాగని కోడెకు కాటా మీద పది పదిహేను కిలోల తేడా రావచ్చు. మొదటి రోజు తూకాన్ని, చివరి రోజు తూకాన్ని పట్టుకుని తీసివేత చేస్తే ఆ నీళ్ల తేడా కూడా పెరుగుదలగా లెక్కలోకి వస్తుంది. అందుకని రెండు వారాలకొకసారి, ప్రతిసారీ ఉదయం మేత వేయకముందే తూచి, ఆ బరువులన్నిటినీ గ్రాఫు మీద పెట్టి, వాటి మధ్యగా గీత గీయండి. ఆ గీత వాలే రోజువారీ పెరుగుదల.

మూడోది పరీక్ష మధ్యనాటి బరువు. మొదటి బరువుకు 35 రోజుల పెరుగుదల కలిపితే వస్తుంది. అయితే బరువును అలాగే వాడకూడదు. 800 కిలోల పశువు పోషణ ఖర్చు 400 కిలోల పశువుకు రెట్టింపు ఉండదు, అంతకన్నా తక్కువే ఉంటుంది. బరువును 0.75 ఘాతానికి పెంచితే ఆ తేడా సరిగ్గా పడుతుంది. దీని పేరు జీవక్రియ బరువు. ఘాతం అనగానే కంగారు పడనక్కరలేదు, మామూలు క్యాలిక్యులేటర్ చాలు. 400 కొట్టి వర్గమూలం మీట నొక్కండి, 20 వస్తుంది. కాగితం మీద రాసుకోండి. మళ్లీ అదే మీట నొక్కండి, 4.472 వస్తుంది. రెండింటినీ గుణించండి, 89.4. ఇదే 400 కిలోల కోడె జీవక్రియ బరువు.

అవసరాన్ని చెప్పే సమీకరణం

ఒక గుంపులోని కోడెలన్నిటి అంకెలనూ కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్‌కు ఇచ్చి రిగ్రెషన్ (అంకెలన్నిటికీ దగ్గరగా సరిపోయే సూత్రాన్ని కట్టే లెక్క) చేయిస్తే, ఆ గుంపుకు సరిపడే సమీకరణం వస్తుంది. నాలుగైదు కోడెలతో ఇది కుదరదు, గుంపు పెద్దదిగా ఉండాలి. ఒకే వయసువి, ఒకే మేత తిన్నవి, ఒకే కాలంలో పరీక్షించినవి అయి ఉండాలి. ఈ పాఠం కోసం మనం ఇలా వచ్చిందనుకుందాం:

అవసరమైన మేత = 0.08 × జీవక్రియ బరువు + 2.5 × రోజువారీ పెరుగుదల – 1.0

ఈ గుణకాలు అభ్యాసానికి వేసినవి, మీ పశువులకు వాడకండి. ప్రతి గుంపుకూ దాని సమీకరణం దానిదే.

41 నంబరు కోడె: మధ్యనాటి బరువు 400 కిలోలు, పెరుగుదల రోజుకు 1.5 కిలోలు, తిన్నది 10.8 కిలోలు. అవసరం 7.15 + 3.75 – 1.0, అంటే 9.9. మిగులు మేత +0.9.

57 నంబరు కోడె: బరువు అదే 400, పెరుగుదల 1.3, తిన్నది మనం పైన చూసిన 8.6. అవసరం 7.15 + 3.25 – 1.0, అంటే 9.4. మిగులు మేత –0.8.

63 నంబరు కోడె: బరువు 340, పెరుగుదల 1.6, తిన్నది 9.6. జీవక్రియ బరువు 79.2. అవసరం 6.33 + 4.0 – 1.0, అంటే 9.3. మిగులు మేత +0.3.

ఇప్పుడు ఈ మూడింటి పాత నిష్పత్తి కూడా కట్టి చూడండి. 41కి 7.2, 57కి 6.6, 63కి 6.0. నిష్పత్తి ప్రకారం మొదటి బహుమతి 63ది. కానీ అది తన ఒంటికీ తన పెరుగుదలకూ కావలసినదానికన్నా ఎక్కువే తింటున్న కోడె. వేగంగా పెరగడం వల్ల ఆ దుబారా నిష్పత్తిలో కనపడకుండా పోయింది. నిజమైన పొదుపరి 57. ఈ ఒక్క ఉదాహరణను చేత్తో కట్టి, మూడు వరుసలనూ పక్కపక్కన రాసి చూసుకోండి. పాఠమంతా దీంట్లోనే ఉంది.

ఇంకొక మాట. సమీకరణం ఆ గుంపు సగటు నుంచి పుట్టింది కాబట్టి గుంపులోని మిగులు మేతలన్నీ కూడితే సున్నా వస్తుంది. అందువల్ల ఒక కేంద్రంలోని –0.8ని వేరొక కేంద్రంలోని –0.5తో నేరుగా పోల్చకూడదు. అమ్మకపు జాబితాలో ఈ అంకె కనిపిస్తే, ఏ గుంపులో, ఏ మేత మీద అని అడగండి.

దూడలకు ఎంత అందుతుంది?

కొలవడం వరకే అయితే ఇది దాణా లెక్క. పెంపకంలో పనికి రావాలంటే గుణం వంశంలో దిగాలి. మిగులు మేత విషయంలో అనువంశికత, అంటే పశువుల మధ్య తేడాలో వంశం నుంచి వచ్చే వాటా, సాధారణంగా 0.3 నుంచి 0.4 దాకా ఉంటుందని అనేక జాతులలో తేలింది. పాల దిగుబడితో పోల్చదగిన స్థాయి ఇది. 0.4 అనుకుంటే, 57 చూపిన –0.8లో వంశానికి చెందినది –0.32. దూడకు తండ్రి నుంచి వచ్చేది సగమే, అంటే –0.16. తల్లులు సగటువి అయితే ఒక్కో దూడ రోజుకు 160 గ్రాముల పొడి పదార్థం తక్కువ తింటుంది. చిన్నదిగా కనిపిస్తోందా? ఫీడ్‌లాట్‌లో 120 రోజులకు దూడకు 19 కిలోలు, 100 దూడలకు 1.9 టన్నులు. ఆ ఆబోతు కూతుళ్లు ఆవులై మందలో నిలిచే ఏళ్లన్నిటికీ పొదుపు కొనసాగుతుంది, అది వేరే.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని ట్రాంగీ పరిశోధన కేంద్రం దీన్ని 1990ల్లో పశువుల మీద నిరూపించింది. ఆంగస్ అనే మాంసపు జాతి పశువులను రెండు వంశాలుగా విడదీసి, ఒకదానిలో తక్కువ మిగులు మేత ఉన్నవాటిని, రెండోదానిలో ఎక్కువ ఉన్నవాటిని ఎంచుకుంటూ పోయారు. 1999లో పుట్టిన దూడల దగ్గరికి వచ్చేసరికి రెండు వంశాల మిగులు మేతల మధ్య తేడా రోజుకు 1.25 కిలోలు. పొదుపు వంశం 9.4 కిలోలు తింటే రెండోది 10.6 కిలోలు తిన్నది. ఏడాది వయసు నాటి బరువులు మాత్రం 384, 381 కిలోలు, రోజువారీ పెరుగుదల 1.44, 1.40 కిలోలు. దాదాపు సమానమే. ఒళ్లు తగ్గకుండా, పెరుగుదల తగ్గకుండా మేత ఒక్కటే తగ్గింది. నిష్పత్తితో ఎన్నటికీ రాని ఫలితం ఇది.

ఆ మేత ఎక్కడ మిగిలింది? ఎక్కువ మంది అరుగుదలలో అనుకుంటారు. ట్రాంగీ పశువుల మీదే జరిగిన విశ్లేషణలో అరుగుదల వాటా 10 శాతమే. ఒంట్లోని మాంసకృత్తులు నిరంతరం విరిగి మళ్లీ కట్టుకోవడం, కణజాలాల జీవక్రియ, ఒత్తిడి కలిసి 37 శాతం. కదలికలు 10, తిన్న తరవాత పుట్టే వేడి 9, ఒంటి కూర్పు 5 శాతం. అంటే పొదుపరి కోడెను కంటితో గుర్తుపట్టడం అసాధ్యం. మూపురం చూసి, తోలు పట్టుకుని, నడక చూసి చెప్పగలిగే గుణం కాదిది. కొలవాల్సిందే.

ఎక్కడ ఆగాలి

మిగులు మేత ఒక్కటే చూసి ఆబోతును ఎంచుకోవడం కూడా తప్పే. మొదటి కారణం కొవ్వు. తక్కువ తినే కోడెలు సగటున కొంచెం బక్కగా ఉంటాయి. పెయ్యలకు, వేసవిలో గడ్డి దొరకని ఆవులకు ఆ కొవ్వే నిల్వ ధాన్యం. అది లేకపోతే ఎదకు రావడం ఆలస్యమవుతుంది. అందుకే మంచి కేంద్రాల్లో అల్ట్రాసౌండ్‌తో వీపు కొవ్వు మందం కూడా కొలిచి, సమీకరణంలో నాలుగో అంకెగా చేరుస్తారు. రెండో కారణం మేత. దాణా మీద పొదుపు చూపిన కోడె సంతానం ముదురు గడ్డి మీద అదే వరుసలో నిలుస్తుందన్న హామీ లేదు. మీ మంద ఏది తిని బతుకుతుందో దానికి దగ్గరి మేత మీద పరీక్షించిన ఆబోతునే వెతకండి. మూడోది, పెరుగుదల లేని కోడెకు కూడా మైనస్ అంకె రావచ్చు. తక్కువ పెరిగి, అంతకన్నా తక్కువ తిన్న పశువుతో వ్యాపారం సాగదు.

ఈ పని ఇప్పుడు విస్తారంగా జరుగుతున్న దేశాల్లో బ్రెజిల్ ఒకటి. అక్కడ పరీక్ష తొట్లలో తల పెట్టే కోడెల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివి, అంటే మన ఒంగోలు పశువుల సంతతి. 1960ల మొదట్లో మన తీరం నుంచి ఓడెక్కిన ఆబోతుల్లో ఒకటైన కర్వది పేరు అక్కడి వంశవృక్షాల్లో నేటికీ కనిపిస్తుంది. ఆ పేరు ఒంగోలు దగ్గరి ఊరిదేనని వేరే చెప్పనక్కరలేదు. ఈ జాతులకు పోషణ ఖర్చు బ్రిటిష్ జాతులకన్నా సుమారు 10 శాతం తక్కువ. పొదుపు వాటి రక్తంలోనే ఉంది, బ్రెజిల్ దాన్ని కొలిచి ఇంకా పదును పెడుతోంది. మన దగ్గర ఆవుల మాంసపు పెంపకానికి చట్టాల రీత్యా, ఆచారాల రీత్యా చోటు లేదు. కానీ ఈ లెక్కకు జాతి భేదం లేదు. పాకల్లో పెంచే దున్నపోతు దూడలకు, నెల్లూరు పొట్టేలు పిల్లలకు ఇదే పద్ధతి, ఇవే మూడు అంకెలు. గొర్రె పిల్లలను విడివిడి గదుల్లో కట్టి, మిగిలిన మేతను ఉదయాన్నే తూచడానికి చిన్న కాటా చాలు. ఎలక్ట్రానిక్ తొట్టి కోసం ఎదురు చూడాల్సిన పని లేదు. తెలుగు నేల మీద ఈ విద్య ముందుగా గొర్రెల్లోనే వేళ్లూనాలని నా కోరిక. ఆరో పాఠం పూర్తిగా వాటికే.

ఈసారి అభ్యాసం

72 నంబరు కోడె పరీక్ష మొదటి రోజు 310 కిలోలుంది. 70 రోజుల్లో రోజుకు 1.2 కిలోల చొప్పున పెరిగింది. రోజుకు 14 కిలోల పాతర గడ్డి, 3.4 కిలోల దాణా తిన్నది. పొడి పదార్థం శాతాలు పైన చెప్పినవే, సమీకరణం కూడా అదే. దాని నిష్పత్తి, మిగులు మేత రెండూ కట్టండి. వీపు కొవ్వు 57కి 5 మిల్లీమీటర్లు, 72కి 2 మిల్లీమీటర్లు. నాలుగు నెలలు గడ్డి దొరకని చోట మీకు ఆవుల మంద ఉంది. రెండింటిలో దేన్ని ఆబోతుగా ఉంచుకుంటారో, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. నాలుగో పాఠం ఆ జవాబుతో మొదలై, పెరుగుదల, కొవ్వు, ఎదకు వచ్చే వయసు, మిగులు మేత నాలుగింటినీ కలిపి ఒకే సూచీగా కట్టే పద్ధతిలోకి వెళ్తుంది.