టికెట్ లేని రోజు సరే, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఏప్రిల్ 18 వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "ఈరోజు కోటకు టికెట్ లేదంట, పోదామా" అని పెడతారు. అందరూ సరే అంటారు, తయారయ్యేసరికి పదిన్నర, ఖిలా వరంగల్ చేరేసరికి పదకొండున్నర. కాళ్ల కింద రాళ్లు కాలిపోతుంటాయి. తోరణం ముందు నాలుగు ఫొటోలు దిగి, చెరకు రసం తాగి ఇంటికొచ్చి పడుకుంటారు. మిగిలింది పాతిక రూపాయలు, తగిలింది వడదెబ్బ. రెండేళ్లు నేనూ అట్లనే పోయి వచ్చినవాణ్ని కాబట్టి చెప్తున్నా.

ముందు తేదీల సంగతి చూద్దాం. టికెట్ ఉన్న కట్టడాల్లో కేంద్ర పురావస్తు శాఖ, అంటే మనం ఏఎస్ఐ అనేది, కొన్ని రోజులు ఉచితంగా వదులుతుంది. ప్రపంచ వారసత్వ దినం ఏప్రిల్ 18న, వారసత్వ వారోత్సవాలు మొదలయ్యే నవంబర్ 19న చాలాసార్లు ఇలా వదిలారు, మార్చి 8న ఆడవాళ్లకు ఉచితం అని కూడా ప్రకటించారు. 2022లో అయితే ఆగస్టు 5 నుంచి 15 దాకా దేశమంతటా టికెట్ తీసేశారు. కానీ ఇవేవీ పంచాంగంలో అచ్చేసిన పండగలు కావు, ఏ ఏడుకా ఏడు ఉత్తర్వు రావాలి. అందుకే రెండు రోజుల ముందు ఏఎస్ఐ వాళ్ల పేజీలోనో, పేపర్ జిల్లా ఎడిషన్‌లోనో చూసుకుని బయల్దేరండి. పదిహేనేళ్లలోపు పిల్లలకు మాత్రం ఏ రోజైనా టికెట్ అక్కర్లేదు, కౌంటర్ దగ్గర తొందర్లో వాళ్లను కూడా లెక్కేసి కొనేయకండి.

అసలు మాట ఏంటంటే, మన దగ్గర టికెట్ పెద్ద అడ్డంకే కాదు. వేయి స్తంభాల గుడికి టికెట్ లేదు. రామప్పకూ లేదు. కోటలో కూడా కీర్తి తోరణాల ఆవరణకే టికెట్, అది 25 రూపాయలు, ఆన్‌లైన్లో కొంటే 20. మట్టి కోట, రాతి కోట గోడలు, మలుపులు తిరిగే దర్వాజలు, ఏకశిల గుట్ట, బావులు ఇవన్నీ బయటే ఉన్నాయి, లోపల ఊరే ఉంది, బడికిపోయే పిల్లలు రోజూ కాకతీయుల దర్వాజలోంచే సైకిళ్లు తొక్కుకుంటూ పోతారు. కాబట్టి ఉచిత రోజు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. రెండు తేదీల్లో ఒకటే ఎంచుకోవాలంటే మాత్రం నవంబర్ 19 పట్టుకోండి. ఏప్రిల్లో మన ఎండ సంగతి మీకు చెప్పాలా?

కోటకు పొద్దున్నే వెళ్లండి, తెల్లవారగానే తెరుస్తారు. వరంగల్ స్టేషన్ దిగితే ఆటోలో కాసేపే. తోరణాలు నాలుగు, నాలుగు దిక్కులా నిలబడ్డాయి, వాటి మధ్య ఉన్న స్వయంభూ దేవాలయం మాత్రం ముక్కలై నేల మీద పరుచుకుని ఉంది. చాలామంది తోరణం చూసి ముక్కల్ని దాటుకుంటూ పోతారు, నేనైతే ఆ ముక్కల దగ్గరే అరగంట కూర్చోమంటాను. హంసల వరస, దూలం మూలన మొసలి ముఖం, ఇవి గుడి నిలబడి ఉంటే మెడ విరిగేలా తలెత్తి చూడాల్సినవి, ఇప్పుడు మన మోకాలి ఎత్తులో ఉన్నాయి. 1323లో కోట శత్రువుల చేతిలో పడింది. గణపతిదేవుడు కట్టిస్తే రుద్రమదేవి పూర్తి చేయించిన కోట అది. అక్కణ్నుంచి నడిచి పోయేంత దూరంలో ఖుష్ మహల్ ఉంది, షితాబ్ ఖాన్ మహల్ అని కూడా అంటారు, గోడలు లోపలికి వాలుగా కట్టిన పెద్ద హాలు, మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. అందుకే ఎండ ముదిరాక చూసేలా దాన్ని చివరకు పెట్టుకోండి. శివనగర్ మెట్ల బావి కూడా ఇదే దారిలో కలుపుకోవచ్చు, కానీ వానలు పడ్డ వారం పది రోజులు మెట్లు దిగొద్దు, పాకుడు మీద జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు.

రామప్పకు హనుమకొండ బస్టాండ్ నుంచి ములుగు దారి. 2021 జూలైలో యునెస్కో జాబితాలోకి ఎక్కినప్పట్నుంచి ఆదివారాలు జనం బాగా పెరిగారు, కుదిరితే మామూలు రోజు వెళ్లండి. మేడారం జాతర జరిగే ఏడాది అయితే జాతర నెలలో ఆ దారి జోలికే పోవద్దు. చెప్పులు బయటే విడవాలి కాబట్టి ఒక జత పాత సాక్సులు సంచిలో వేసుకోండి, నవ్వకండి, మధ్యాహ్నం ప్రదక్షిణ చేసినవాళ్లకు తెలుస్తుంది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడిలో శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి, పునాదిలో ఇసుక పోసి దాని మీద గుడి నిలబెట్టారు. గర్భగుడి వాకిలి పక్కన వేణుగోపాలుడి బొమ్మను వేలితో కొడితే సరిగమలు పలుకుతుందని చెప్తారు, కొట్టి వినిపించమని మాత్రం ఎవర్నీ అడగకండి, ఎనిమిది వందల ఏళ్ల రాయి మీద రోజూ వంద వేళ్లు పడితే ఏం మిగులుతుంది? తిరిగి వచ్చేటప్పుడు టైముంటే ఘనపురం కోటగుళ్లు చూడండి. అక్కడ జనం ఉండరు.

వేయి స్తంభాల గుడి ఊరి మధ్యలోనే ఉంది, అదే దాని కష్టం. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు, ఎంగిలిపూల బతుకమ్మ రోజున అక్కడ నిలబడడానికి చోటుండదు. అవి దర్శనానికి, ఆటకు వెళ్లాల్సిన రోజులు. శిల్పం చూడాలంటే మామూలు మంగళవారం పొద్దున పోవాలి. ఏళ్ల తరబడి విప్పిన రాళ్లుగా పడి ఉన్న కల్యాణ మండపాన్ని మళ్లీ పేర్చి 2024 మార్చి 8న తెరిచారు, చిన్నప్పుడు చూసి మళ్లీ పోనివాళ్లు దాని కోసమైనా వెళ్లాలి.

ఇవన్నీ తెరిచి ఉన్నవి. నాకు ఇష్టమైనవి తాళం వేసి ఉన్నవి.

ఫ్రాన్సులో 1984లో ఒక పద్ధతి మొదలుపెట్టారు, ఏడాదికి ఒకసారి పాత కట్టడాల తలుపులు జనానికి ఉత్తినే తెరవడం. 1992 నుంచి లండన్లో కూడా ఇట్లాంటిది నడుస్తోంది, మామూలప్పుడు గేటు కూడా దాటనివ్వని ఆఫీసులు, సొంత ఇళ్లు కూడా ఆ రోజుల్లో తలుపు తీస్తాయి. మనకు అట్లాంటి రోజు లేదు, కానీ చూడాల్సిన ఇళ్లకు కొదవ లేదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊరూరా దొరల గడీలున్నాయి, అంటే దొరలు ఉన్న కోటల్లాంటి పెద్ద ఇళ్లు. కొన్ని కూలిపోయాయి, కొన్ని ఆఫీసులో బడులో అయ్యాయి, కొన్నింట్లో వారసులు దసరాకు వచ్చి దీపం పెట్టి పోతారు. దోమకొండ కోట ప్రైవేటు ఆస్తే, అయినా బాగుచేసి నిలబెట్టారు, 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. వెళ్లేముందు ఏ రోజు తెరుస్తారో కనుక్కోండి. నిజామాబాద్ ఖిల్లా మీద రఘునాథాలయం, దాని పక్కనే దాశరథి కృష్ణమాచార్య ఖైదీగా ఉన్న పాత జైలు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టింది, గ్రంథాలయానికి పోవడానికి ఉచిత దినం ఎందుకండీ, పోయి పేపర్ చదువుకుంటూ కూర్చోవచ్చు.

మూసి ఉన్న కట్టడం దగ్గరకు వెళ్లేముందు అది ఎవరిదో తెలుసుకోవాలి. బోర్డు మీద ఏఎస్ఐ పేరుంటే వాళ్లది, లేకపోతే రాష్ట్ర వారసత్వ శాఖ కావచ్చు, దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు, రెవెన్యూ, లేదా ఏ కుటుంబమో. ఆఫీసుకు ఉత్తరం రాస్తే మంచిదే కానీ జవాబు వచ్చేసరికి చింతచెట్టు కాయలు కాస్తుంది. పని జరిగేది ఊళ్లో. పంచాయతీ కార్యదర్శిని అడగండి, గడి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన్ని అడగండి, తాళంచెవి ఎవరి ఇంట్లో మేకుకు వేలాడుతోందో వాళ్లకు తెలుస్తుంది. ఫోన్ నంబర్ తీసుకుని ముందురోజు చేయండి. నేనొకసారి చేయకుండానే బండి మీద డెబ్బై కిలోమీటర్లు పోయాను, తాళంచెవి ఉన్నాయన బిడ్డను చూడ్డానికి సూరత్ పోయాడు. తాళంచెవిని కూడా జేబులోనే పెట్టుకుపోయాడు.

లోపలికి పోయాక మేడ మీదికి ఎక్కకండి, దూలాలు చెద పట్టి ఉంటాయి, కిందినుంచి చూస్తే తెలియదు. తేనెతుట్టెలు ఉంటే గట్టిగా మాట్లాడడం, సెంటు కొట్టుకుని పోవడం రెండూ వద్దు. టార్చి వెంట ఉండాలి, గబ్బిలాల అర్రలో ఫోన్ వెలుగు చాలదు.

మీ ఊరి గడినే ఒక్కరోజు అందరికీ తెరిపించాలనుకుంటే అంత పెద్ద పనేం కాదు. మేం చేసినప్పుడు ఆ కుటుంబానికి ఉన్న భయమల్లా ఒక్కటే, జనం వచ్చి గుప్తనిధులని తవ్విపోతారేమో అని. అందుకే పగలే పెట్టాం, ఒక్కో విడతకు పదిహేను మంది, ముందూ వెనకా మనవాళ్లు, పాడైన అర్రలకు తాడు కట్టేశాం. నీళ్లు, చీపుర్లు, ఒక రిజిస్టర్, అంతే ఖర్చు. చరిత్ర చెప్పడానికి లెక్చరర్‌ను పిలిచాం కానీ జనం ఆయన్ని వదిలేసి వెళ్లి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చుట్టూ చేరారు. ఆమె చిన్నప్పుడు ఆ గడిలో వెట్టి చేసిందంట, ఏ అర్రలో వడ్లు పోసేవాళ్లు, ఏ వాకిలి నుంచి వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు అన్నీ చేత్తో చూపించి చెప్పింది. ఆ రోజు ఆ వాకిట్లోంచే లోపలికి వచ్చింది. మీ ఊళ్లోనూ అట్లాంటి మనిషి ఒకరుంటారు, ముందే కనుక్కుని పిలుచుకుని రండి, నీడలో ఒక కుర్చీ వేసి పెట్టండి.