చేతిపనితో గ్రాఫిక్ డిజైన్ – మూడవ పాఠం: లినో దిమ్మెపై ఒక అక్షరం

మొదటి పాఠంలో నల్ల కాగితాన్ని కత్తిరించి తెల్ల కాగితంపై పరుస్తూ, ఒక రూపానికీ దాని చుట్టూ మిగిలే ఖాళీకీ ఉన్న సంబంధాన్ని గమనించాం. రెండవ పాఠంలో వెడల్పు పాళీతో అక్షరాలు రాసి, గీత ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ సన్నబడుతుందో చూశాం. ఈ పాఠంలో ఒకే ఒక్క అక్షరాన్ని లినోలియం (పొట్టిగా లినో, ఉలికి సులువుగా తెగే పదార్థం) దిమ్మెపై చెక్కి, సిరా పూసి, కాగితంపై ముద్ర తీస్తాం. దిమ్మె పది సెంటీమీటర్ల చదరం ఉంటే చాలు. అంతకంటే పెద్దది తీసుకుంటే మొదటిసారి చెయ్యి త్వరగా అలసిపోతుంది. అలసిన చేతితో ఉలి పట్టుకోకూడదు.

గ్రాఫిక్ డిజైన్ విద్యార్థిగా నేను పాల్గొన్న వర్క్‌షాపుల్లో నా చూపును అన్నిటికంటే ఎక్కువగా మార్చినది లినో వర్క్‌షాపు. కంప్యూటరులో అక్షరాన్ని కొట్టగానే దాని నలుపుతో పాటు లోపలి తెలుపు, చుట్టూ ఉన్న తెలుపు మన శ్రమ లేకుండానే వచ్చేస్తాయి కాబట్టి, ఆ తెలుపు ఎంత ఉంది, ఏ ఆకారంలో ఉంది అని అడగవలసిన అవసరమే తోచదు. లినోలో సంగతి వేరు. చెక్కని దిమ్మెకు సిరా పూసి అచ్చు తీస్తే కాగితం మీద నల్లని చదరం పడుతుంది. అందులో కనిపించవలసిన ప్రతి తెల్లని చోటునూ మనమే ఉలితో తీయాలి. తెలుపును స్వయంగా తయారుచేసినవారు ఆ తరువాత ఏ పోస్టరు ముందు కూర్చున్నా అక్షరాల మధ్య ఖాళీని మిగిలిపోయిన చోటుగా చూడలేరు. ఈ పాఠం మీకు ఇవ్వవలసింది ప్రధానంగా ఆ చూపే, అందమైన ముద్ర ఆ తరువాతి మాట.

డిజైన్ చదువులో చేతిపనికి చోటివ్వడం కొత్త ఆలోచన కాదు. 1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ పాఠశాల తన బోధనను వర్క్‌షాపుల చుట్టూనే నిర్మించుకుంది. తొలి సంవత్సరాల్లో అక్కడి వర్క్‌షాపులను ఒక కళాకారుడు, ఒక వృత్తి నిపుణుడు కలిసి నడిపేవారు. రూపాన్ని గురించి ఒకరు, పదార్థాన్ని గురించి మరొకరు మాట్లాడుతుంటే విద్యార్థి ఆ రెంటినీ తన చేతిలో కలుపుకునేవాడు. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునే మనకు ఆ ఇద్దరూ దొరకరు గనుక, ప్రతి దశలోనూ పదార్థం ఏం చెబుతోందో మనమే ఆగి వినాలి.

ఇప్పుడు పదార్థం సంగతి. లినోలియంను ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ నేల మీద పరిచే సరుకుగా రూపొందించి 1863లో పేటెంటు పొందాడు. గాలి తగిలి చిక్కబడిన అవిసె నూనెలో గుగ్గిలం, కార్క్ పొడి, రంపపు పొట్టు కలిపి, జనపనార గుడ్డపై పొరగా ఒత్తితే తయారవుతుంది. చెక్కకు ఉన్నట్టు దీనికి నార దిశ ఉండదు; ఉలి ఏ వైపు తిరిగినా ఒకే తీరున తెగుతుంది. గుండ్రని గీతలే ఎక్కువగా ఉన్న మన లిపికి ఇంతకంటే అనుకూలమైన పదార్థం నాకు తెలియదు. చిత్రకళ సామాను అమ్మే చోట దొరికే లినో సుమారు 3.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దిమ్మె గట్టిగా, పెళుసుగా అనిపిస్తే కాసేపు ఎండలో పెట్టండి, లేదా జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి తగలనివ్వండి. వెచ్చబడగానే అది మెత్తబడి, ఉలికి సులువుగా లొంగుతుంది.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. సన్నని గీతకు వి ఆకారపు మొన ఉన్న ఉలి ఒకటి, విశాలమైన చోటును తీయడానికి యు ఆకారపు ఉలి ఒకటి, రబ్బరు రోలరు, గాజు పలక, నూనె సిరా, చెక్క గరిటె, పల్చని నున్నటి కాగితం ఉంటే ఈ పాఠం పూర్తవుతుంది. ఉలి మాత్రం పదునుగా ఉండి తీరాలి. మొద్దుబారిన ఉలిని బలం పెట్టి నెట్టవలసి వస్తుంది, నెట్టినప్పుడే జారుతుంది. వర్క్‌షాపుల్లో నేను చూసిన గాయాలన్నీ ఇలా అయినవే. దిమ్మెను పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనుకనే ఉండాలన్న నియమానికి మినహాయింపు లేదు.

మనం చెక్కబోయే అక్షరం ఠ. ఒక వలయం, దాని నడుమ ఒక చుక్క, పైన తలకట్టు: ఈ మూడింటితో అయిపోతుంది. చూడటానికి సులువే అయినా, నేర్చుకోవలసినవన్నీ ఇందులో ఉన్నాయి. వలయం నిలకడైన గుండ్రని కోతను అడుగుతుంది. చుక్క చుట్టూ తెలుపును తీస్తూ చుక్కను మాత్రం ఎత్తుగా నిలపవలసి ఉంటుంది. తలకట్టు వలయాన్ని తాకే మూలలో సిరా నిండిపోకుండా చూసుకోవాలి. మరో కారణం కూడా ఉంది. దిమ్మెపై అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉండాలన్న సంగతి ఠ విషయంలో మరచిపోవడం చాలా తేలిక, ఎందుకంటే వలయమూ చుక్కా తిప్పినా తిప్పకపోయినా ఒకేలా ఉంటాయి. మా వర్క్‌షాపులో ఒకరిద్దరి ముద్రల్లో కింది భాగమంతా చక్కగా వచ్చి, కుడివైపుకు లేవవలసిన తలకట్టు ఒక్కటే ఎడమకు లేచింది. కన్ను ఏ భాగాన్ని నిజంగా చూస్తోందో, దేన్ని అలవాటుగా దాటేస్తోందో ఆ ముద్రలు చూసి మేమంతా తెలుసుకున్నాం.

తిప్పడానికి లెక్కలేమీ అక్కరలేదు. ముందుగా నీళ్ళలో పల్చగా కలిపిన ఎర్రటి రంగును గుడ్డతో దిమ్మెపై అద్ది ఆరనివ్వండి. తరువాత ఉలి పోయిన చోటల్లా అడుగు రంగు బయటపడి, ఎంత చెక్కారో స్పష్టంగా తెలుస్తుంది. అక్షరాన్ని ట్రేసింగ్ కాగితంపై 4బి లేదా 6బి పెన్సిలుతో గీయండి. గీత ఒకటిగా కాకుండా, నల్లగా ఉండవలసిన భాగమంతా నింపండి. ఆ కాగితాన్ని గీసిన వైపు కిందికి వచ్చేలా దిమ్మెపై బోర్లించి, అంచులు కదలకుండా టేపుతో అతికించి, వెనుక నుంచి గరిటెతో గట్టిగా రుద్దండి. పెన్సిలు పొడి దిమ్మెకు అంటుకుని, అక్షరం దానంతటదే తిరగబడుతుంది. చెక్కేటప్పుడు చేతికి చెరిగిపోకుండా సన్నని కుంచెతో ఇండియన్ ఇంకు పూసి, పూర్తిగా ఆరిన తరువాతే ఉలి పట్టండి.

చెక్కడం వలయం లోపలి నుంచి మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. బయటి భాగాన్ని ముందే తీసేస్తే సన్నని వలయానికి ఇరువైపులా ఆధారం తగ్గి, లోపల పనిచేసేటప్పుడు అంచు విరిగే అవకాశం పెరుగుతుంది. ఉలి పిడి చివర అరచేతిలో ఆని ఉండాలి, చూపుడువేలు మొనకు దగ్గరగా పైన ఉండాలి. దిమ్మెకు ఉలి దాదాపు పడుకున్నంత తక్కువ వాలులో ఉంటే, ముందు నుంచి లినో పోగు సన్నగా చుట్టుకుంటూ లేస్తుంది. ఆ పోగు మధ్యలో తెగకుండా ఒకే మందంతో వస్తోందంటే మీ ఒత్తిడి సమంగా ఉన్నట్టు. అది లావవుతోందంటే ఉలి లోతుకు దిగుతోంది. వెంటనే పిడిని కాస్త దించండి. పోగు మాయమైతే మొన పైకి తేలిపోయినట్టు.

గుండ్రని గీత దగ్గర చాలామంది మణికట్టును తిప్పుతారు. మణికట్టు తిరిగే దూరం కొంతే కాబట్టి మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తుంది, ఆపిన ప్రతి చోటా వలయంలో ఒక కోణం ఏర్పడుతుంది. ఉలిని ఉన్నచోటే ఉంచి రెండవ చేత్తో దిమ్మెను నెమ్మదిగా తిప్పండి. వి ఉలితో చుక్క చుట్టూ ఒక కాలువ, వలయం లోపలి అంచు వెంట మరో కాలువ ఇలా తిప్పుతూనే తీయాలి. గీత మీద కాకుండా, తెలుపు వైపు వెంట్రుక వాసి దూరంలో మొదటి కోత వేసి, రెండవసారి గీత దాకా రండి. ఈ రెండు కాలువల మధ్య మిగిలిన భాగాన్ని యు ఉలితో తీసేస్తే చుక్క ఒంటరిగా నిలుస్తుంది. దాని అంచులు కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా వాలుగా ఉండాలి. అంచు కిందికి ఉలి దూరి లోపలికి కోసేస్తే పైన చూడటానికి బాగానే ఉంటుంది గానీ, నాలుగు ముద్రలు తీసేసరికి ఒత్తిడికి చుక్క అంచు కూలిపోతుంది.

లోతు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లుంటే ఇరుకు చోట్లకు సరిపోతుంది. అక్షరం చుట్టూ ఉన్న విశాలమైన తెలుపులో మాత్రం ఇంకాస్త లోతుకు వెళ్ళాలి, ఎందుకంటే ఖాళీ వెడల్పుగా ఉన్నచోట రోలరూ, ఆ తరువాత కాగితమూ లోపలికి వంగి అడుగును తాకుతాయి. అడుగున ఉన్న జనపనార గుడ్డ బయటపడకుండా ఆగండి. ఈ విశాలమైన చోట ఉలి వదిలిన సన్నని గట్లు ముద్రలో నల్లని చారలుగా కొన్ని పడతాయి. వాటిని పూర్తిగా తుడిచేయాలని చాలామంది పట్టుబడతారు. అక్షరం చుట్టూ దాని ఆకారాన్నే అనుసరిస్తూ చెక్కి ఉంటే, ఆ చారలు రూపానికి కదలికనిస్తాయి, అలాంటివాటిని ఉంచమనే చెబుతాను. అడ్డదిడ్డంగా పడినవాటిని తీసేయండి.

సిరా పూయకముందే పని ఎంతవరకు వచ్చిందో చూసుకునే మార్గం ఒకటుంది. దిమ్మెపై పల్చని కాగితం పరచి, మెత్తని పెన్సిలును పడుకోబెట్టి పైన రుద్దితే ఎత్తుగా ఉన్న భాగం నల్లగా తేలుతుంది. ఈ దశలో సవరించుకోవడం సులభం, సిరా అంటిన దిమ్మెను మళ్ళీ చెక్కడం చిరాకు.

గాజు పలకపై బొటనవేలి గోరంత సిరా చాలు. రోలరును ముందుకు నడిపి, చివరన ఎత్తి, మళ్ళీ మొదటి చోట దించండి. ఎత్తకుండా ముందుకూ వెనక్కూ తిప్పుతుంటే రోలరులో ఒకే భాగం గాజును తాకుతూ సిరా ఎగుడుదిగుడుగా పేరుకుంటుంది. సిరా కమలాపండు తొక్కలా గుంటలు గుంటలుగా కనిపిస్తే అది ఎక్కువైనట్టు, కొంత గీకి తీసేయండి. సరైన పొర నున్నగా ఉంటుంది, రోలరు తిరుగుతున్నప్పుడు సన్నగా బుసకొట్టినట్టు ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు తెలిసిన చెవి కంటికంటే ముందు చెబుతుంది. దిమ్మెకు ఒకేసారి దట్టంగా పూయకుండా, దిశ మారుస్తూ మూడు నాలుగు పల్చని పొరలు వేయండి.

కాగితాన్ని పైనుంచి ఒక్కసారిగా దించి, ఆ తరువాత జరపకుండా, గరిటె వెనుక భాగంతో నడుమ నుంచి అంచుల వైపు చిన్న చిన్న వలయాలుగా రుద్దండి. ఒక మూల ఎత్తి చూడవచ్చు, మిగతా భాగాన్ని అరచేత్తో నొక్కి ఉంచాలి. వెలిసినట్టున్న చోట అక్కడికక్కడే కాస్త సిరా పూసి, కాగితం దించి మళ్ళీ రుద్దండి. కొత్త దిమ్మె మొదట సిరాను పీల్చుకుంటుంది కాబట్టి తొలి ముద్రలు పాలిపోయి ఉంటాయి. మూడు నాలుగు ముద్రలు తీసేదాకా దిమ్మెను దిద్దాలని తొందరపడకండి.

ఇప్పుడు ముద్రలను చదవాలి. తీసిన ముద్రలన్నీ వరుసగా గోడకు అతికించి రెండు మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. సిరా ఎక్కువైన ముద్రలో చుక్క ఉబ్బి, వలయం లోపలి తెలుపు కుంచించుకుపోతుంది. తలకట్టు వలయాన్ని తాకే చోట మూల పూడుకుపోయి నల్లని ముద్దగా మారుతుంది. సిరా తక్కువైన ముద్రలో నలుపు నిండా తెల్లని గింజలుంటాయి, అంచులు మాత్రం కచ్చితంగా ఉంటాయి. మీరు ట్రేసింగ్ కాగితంపై గీసిన అక్షరంతో ఈ రెండింటినీ పోల్చండి. చెక్కిన ఆకారం ఒకటే అయినా చూపరికి చేరేవి మూడు వేర్వేరు అక్షరాలు. డిజైనరు గీసేది అక్షరంలో ఒక భాగమే, మిగతా భాగాన్ని సిరా, కాగితం, ఒత్తిడి కలిసి గీస్తాయి.

పెద్ద యంత్రాల ముద్రణలోనూ ఇదే జరుగుతుంది. అచ్చు అక్షరాల రూపకర్త మాథ్యూ కార్టర్, అమెరికాలోని ఏటీ అండ్ టీ సంస్థ టెలిఫోను డైరెక్టరీల కోసం రూపొందించి, 1978లో వెలువడిన బెల్ సెంటెన్నియల్ అక్షరాలను పెద్దవి చేసి చూస్తే, గీతలు కలిసే మూలల్లో లోతైన గాట్లు కనిపిస్తాయి. చవక కాగితంపై, వేగంగా, అతి చిన్న అక్షరాలు అచ్చు వేసినప్పుడు సిరా పాకి ఆ గాట్లను నింపుతుంది, అక్షరం సరైన ఆకారానికి వస్తుంది. తరగతిలో తెరపై ఆ గాట్లను చూసినప్పుడు అదొక అలంకారమనే అనుకున్నాం. లినో వర్క్‌షాపులో మూల పూడుకుపోయిన ముద్రను చేత్తో పట్టుకున్నాకే వాటి అవసరం మాలో చాలామందికి తలకెక్కింది. మీరూ ఇదే పని చేయండి: వి ఉలి మొనతో తలకట్టు, వలయం కలిసే మూలలో అర మిల్లీమీటరు లోపలికి ఒక చిన్న గాటు పెట్టి, అదే సిరాతో మళ్ళీ ముద్ర తీసి, పాత ముద్ర పక్కన పెట్టి చూడండి.

పని అయ్యాక గాజు పలకనూ, రోలరునూ, దిమ్మెనూ వంటనూనెలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బునీటి గుడ్డతో శుభ్రం చేయండి. దిమ్మెను నీళ్ళలో ముంచకండి, వెనుక ఉన్న జనపనార తడిసి వంకర తిరుగుతుంది. రోలరును రబ్బరు వైపు కిందికి ఉండేలా ఎప్పుడూ వదిలేయకూడదు. ఆనిన చోట అణిగిపోయి, తరువాతి ముద్రలన్నిటిలో అడ్డగీత పడుతుంది.

తరువాతి పాఠంలో ఇదే దిమ్మెను మరికొంత చెక్కి, మొదటి రంగుపై రెండవ రంగును కచ్చితంగా కూర్చోబెట్టడం నేర్చుకుంటాం. 1950ల చివర్లో పికాసో దక్షిణ ఫ్రాన్సులో ఈ పద్ధతిలోనే, ఒకే దిమ్మెను అంచెలంచెలుగా తగ్గిస్తూ, పలు రంగుల ముద్రలు తీశాడు. దాని కోసం ఈ దిమ్మెను భద్రపరచండి. సిరా మరీ ఎక్కువా, మరీ తక్కువా కాని ముద్రలు కనీసం ఆరు తీసి, కాగితాలన్నీ ఒకే కొలతలో కోసి, దిమ్మె ప్రతి కాగితంపైనా ఎడమ అంచు నుంచీ, కింది అంచు నుంచీ ఒకే దూరంలో పడేలా చూసుకోండి. నూనె సిరా ఆరడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. వేలితో తాకితే అంటనంతవరకు వాటిని ఒకదానిపై ఒకటి పెట్టకండి.