కుట్టుమిషన్ నుంచి గోడ గడియారం సెల్లు దాకా: సామాను ఎలా ఎంచుకోవాలి?

కొత్తగా హాబీ మొదలుపెట్టేవాళ్ల ఆలోచనంతా పెద్ద వస్తువు చుట్టూనే తిరుగుతుంది: ఏ మిషన్, ఏ మోడల్ అని. పని చెడేది మాత్రం ఎక్కువసార్లు అందులో పడే చిన్న వస్తువు దగ్గరే. సరిపోని సూది, పీచు రాలే దారం, రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చిన బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం). అందుకే ఎంపికను చేతిలో ఉన్న పని నుంచి, రోజూ ఖర్చయ్యే చిన్న వస్తువుల నుంచి మొదలుపెట్టాలి. ముందు కుట్టుపనినే చూద్దాం.

1. ముందు పనులు రాసుకోండి

వచ్చే మూడు నెలల్లో నిజంగా కుట్టబోయేవి నాలుగైదు రాయండి. దిండు గలీబులు, కర్టెన్లు, ప్యాంటు పొడవు తగ్గించడం లాంటివి. పక్కన ఏ గుడ్డో కూడా రాయండి. వీటికి తిన్నని కుట్టు, జిగ్‌జాగ్, కాజా చాలు. వంద రకాల కుట్లున్న మిషన్‌లో మిగతావి చాలావరకు అలంకారానికే. ఆ డబ్బు గట్టి ఇనుప చట్రానికి, కుట్టు పొడవు మార్చుకునే వీలుకి పెట్టడం మేలు.

2. మీ గుడ్డతోనే మిషన్‌ని పరీక్షించండి

దుకాణంలో చూపించే నమూనా గుడ్డ గట్టిగా, గంజి పెట్టినట్టు ఉంటుంది. దాని మీద ఏ మిషన్ అయినా బాగానే కుడుతుంది. మీరు రెండు ముక్కలు తీసుకెళ్లండి: పల్చటి నూలు గుడ్డ ఒక పొర, జీన్స్ నాలుగు పొరలు. మొదటిది ముడుచుకుపోకూడదు, రెండోదాని మీద మిషన్ మొరాయించకూడదు. తర్వాత చేతిచక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. ఒకచోట వదులుగా, ఒకచోట బిగుసుకుపోయినట్టు తిరిగితే తీసుకోవద్దు.

3. బాబిన్ కొలత చూసుకోండి

బాబిన్లలో సైజులుంటాయి. 15వ క్లాసు బాబిన్, ఎల్ క్లాసు బాబిన్ రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి. వ్యాసం రెండింటికీ సుమారు 20 మి.మీ. ఎత్తు మాత్రం మొదటిదానికి దాదాపు 11.5 మి.మీ., రెండోదానికి 9 మి.మీ. ఎత్తుది పట్టే మిషన్‌లో పొట్టిది పెడితే కేసులో (బాబిన్ కూర్చునే డబ్బీలో) ఊగుతుంది, దారం చిక్కుపడుతుంది. తప్పు మిషన్‌ది అనుకుని రిపేరుకి ఇస్తారు. అదనపు బాబిన్లు కొనేటప్పుడు మిషన్‌తో వచ్చినదాన్ని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి.

4. గుడ్డను బట్టి సూది

సూది ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే, 90 అంటే సూది మందం 0.9 మి.మీ. పల్చటి గుడ్డకి 70/10, మామూలు నూలుకి 80/12 లేదా 90/14, జీన్స్‌కి 100/16. సాగే బనియన్ గుడ్డకి అంకె ఒక్కటే చాలదు, మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది కావాలి. మామూలు మొన అల్లిక దారాలను తెంపుతుంది, కుట్లు కూడా వదిలేస్తుంది.

సుమారు 8 గంటలు కుట్టాక సూది మార్చండి. విరిగేదాకా ఆగకూడదు. గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్ మని చప్పుడు వస్తోందంటే మొన మొద్దుబారినట్టే.

దారాన్ని ఒక మూర లాగి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. నూగులా పీచు లేచి కనిపిస్తే వదిలేయండి. ఆ పీచే బాబిన్ కేసు కింద మెత్తలా పేరుకుని కుట్టుని పాడుచేస్తుంది.

5. తొలి కుట్టు చెడితే

గుడ్డ అడుగున దారం ఉంగరాలు ఉంగరాలుగా వేలాడితే అందరూ బాబిన్‌నే తిడతారు. కారణం చాలావరకు పైదారంలో ఉంటుంది. ప్రెషర్ ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) దించి దారం ఎక్కిస్తే, పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. ఫుట్ పైకెత్తి మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. టెన్షన్ మరను ముట్టుకునే ముందు ఈ పని తప్పకుండా చేయాలి.

6. ఇంటి సామానుకీ ఇదే పద్ధతి

సెల్లులు: గోడ గడియారం, రిమోట్ కొంచెం కొంచెంగా కరెంటు తీసుకుంటాయి కాబట్టి మామూలు సెల్లులు చాలు. రోజూ వాడే బొమ్మలకి, కెమెరా ఫ్లాష్‌కి రీచార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు లాభం. వీటి వోల్టేజీ 1.5 కాదు, 1.2. డబుల్ ఏ సైజులో ఈ రకం సెల్లు మీద 3000 ఎంఏహెచ్ (సెల్లు ఎంత కరెంటు నిల్వ చేస్తుందో చెప్పే కొలత) దాటిన అంకె కనిపిస్తే నమ్మవద్దు. కొత్తది, పాతది కలిపి వేయకండి. నీరసించిన సెల్లు ముందుగా ఖాళీ అయి కారడం మొదలుపెడుతుంది. ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి కట్టిన చోట, చేతికి గ్లవుజు వేసుకుని, వెనిగర్‌లో ముంచిన దూదితో తుడవండి.

జిగురు: అతకాల్సిన వస్తువు చూసి కొనాలి. చెక్కకి తెల్ల జిగురు పల్చగా రాసి, అరగంట బిగించి, 24 గంటలదాకా బరువు పెట్టకుండా ఉంచాలి. సూపర్ గ్లూ పెళుసు, వంగేచోట నిలవదు. విరిగింది ప్లాస్టిక్ అయితే అడుగున త్రిభుజంలో అంకె చూడండి. 2, 4, 5 ఉంటే మామూలు జిగురేదీ పట్టదు. అక్కడ మర గాని, తీగ గాని వాడాలి. సూపర్ గ్లూ మూత తీశాక గాలిలోని తేమకే గట్టిపడుతుంది, చిన్న ట్యూబులే కొనండి.

బ్లీచ్: నిల్వ ఉన్నకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి పెద్ద డబ్బా చవకగా వచ్చినా లాభం లేదు. ఆరు నెలల్లో అయిపోయేంతే కొని, మూత తీసిన తేదీ సీసా మీదే రాయండి. టాయిలెట్ శుభ్రం చేసే యాసిడ్ పక్కన దాన్ని ఉంచకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న బాత్‌రూంలో అది ప్రాణానికే ప్రమాదం.